అమ్మ చీర, తమ్ముడి నిద్ర

హత్తా కొండల్లో రాత్రి బసకని స్లీపింగ్ బ్యాగ్‌కి లైనర్ కుట్టాను. అమ్మ పాత నేతచీరే బట్ట. నాలుగున్నర మీటర్లు కత్తిరించి, సగానికి మడిచి, రెండు పక్కలా కుట్టడమే. లోపలికి దూరడానికి ఒకపక్క పైన మూరెడు వదలాలి. చెమటా దుమ్మూ దీనికే అంటుతాయి కాబట్టి బ్యాగ్ ఉతకక్కర్లేదు, ఇది ఉతికితే చాలు.

సోనాపూర్ లేబర్ క్యాంపులో ఉండే మా జగిత్యాల తమ్ముడొకడు సెలవురోజు భోజనానికొచ్చి చూశాడు.

"నాకొకటి కుట్టియ్యరాదె అక్కా! పరుపు నాకంటె ముంగట ఎందరిదో. గిదైతే నాదైతది."

సోనాపూర్ అంటే బంగారు ఊరట! లైనర్ వాడికే ఇచ్చేశాను. మిగిలిన మీటరు ముక్కతో దిండుగలీబు కూడా కుట్టాను. హత్తాకి నేను పాత దుప్పటితోనే వెళ్లాను.