అలిపిరి దగ్గర బస్సుని తిట్టుకునే ముందు

అలిపిరి టోల్‌గేట్ క్యూలో కార్లో కూర్చున్న ప్రతివాడూ ముందున్న ఆర్టీసీ బస్సునే తిట్టుకుంటాడు. "ఈ బస్సుల వల్లే ఈ జామ్, ఈ పొగ" అని. బెంగళూరులో నా పక్క సీట్లో పనిచేసే మిత్రుడిదీ అదే మాట. శుక్రవారం సాయంత్రం లాప్‌టాప్ మూసి, రాత్రికి బయల్దేరి, తెల్లారేసరికి అలిపిరి చేరే బ్యాచ్ వాళ్లది. వచ్చాక చెప్పేది దర్శనం గురించి కాదు, ఘాట్‌లో ఎన్ని బస్సుల వెనక ఇరుక్కున్నాడో ఆ లెక్క.

నేను తిరుపతి వాణ్ణి. పైగా మా నాయన ఆర్టీసీ డ్రైవరు, 20 ఏళ్లకు పైగా ఘాట్ రోడ్డులోనే బస్సు తోలి రిటైరయ్యాడు. కాబట్టి ఈ విషయంలో నాకు కొంచెం పక్షపాతం ఉందనుకోండి, పర్లేదు. కానీ లెక్కలకి పక్షపాతం ఉండదు కదా, అవే చూద్దాం.

తిరుపతి కంటే తిరుమల సుమారు 700 మీటర్లు ఎత్తులో ఉంది. జనంతో సహా 12 టన్నులుండే బస్సుని అంత ఎత్తుకి లేపడానికి ఎంత శక్తి కావాలి? ఇంటర్‌లో చదివిన ఎంజీహెచ్ ఫార్ములానే. వేస్తే సుమారు 23 యూనిట్లు వస్తుంది. లీటరు డీజిల్లో 10 యూనిట్ల దాకా శక్తి ఉన్నా, చక్రానికి చేరేది అందులో మూడో వంతే. అంటే కేవలం ఎత్తెక్కడానికే 7 లీటర్లు. 40 మంది ఉన్నారనుకుంటే తలకి 175 మిల్లీలీటర్లు.

ఇప్పుడు కారు. నలుగురితో కలిపి 1.6 టన్నులు అనుకుందాం. అదే లెక్కలో 3 యూనిట్లు. పెట్రోలు ఇంజన్ ఇంకొంచెం ఎక్కువే వృథా చేస్తుంది కాబట్టి సుమారు 1.35 లీటర్లు. తలకి 340 మిల్లీలీటర్లు. దాదాపు రెట్టింపు! రోడ్డు మీద ఆక్రమించే చోటు సంగతైతే చెప్పక్కర్లేదు. ఒక బస్సులో ఉన్న 40 మందిని కార్లలో పంపాలంటే పది కార్లు కావాలి. జామ్ ఎవరి వల్లో మీరే చెప్పండి.

అయితే బస్సుకి పొగ కనబడుతుంది, కారుకి కనబడదు. కనబడేదాన్నే కదా తిట్టేది.

బస్సు తప్పేమీ లేదని అనడం లేదు. పాత డీజిల్ బస్సు తక్కువ గేర్లో మూలుగుతూ మలుపెక్కేటప్పుడు వదిలే నల్లటి పొగ ఆరోగ్యానికి మంచిది కాదు. అలిపిరి నడకదారిలో 3,550 మెట్లు ఎక్కేవాళ్లకి ఇంకో సంగతి తెలిసే ఉంటుంది. జింకల పార్కు దాటాక దారి కొంత దూరం రోడ్డు పక్కనే పోతుంది. అది దిగే బళ్ల రోడ్డు. కాలిన బ్రేకుల వాసన అక్కడ గుప్పుమంటుంది. "బండిని ఎక్కించేది ఇంజను, దించేది డ్రైవరు" అంటాడు మా నాయన. ఎక్కేటప్పుడు 7 లీటర్లు తగలేసి సంపాదించిన ఎత్తుని, దిగేటప్పుడు బ్రేకుల దగ్గర వేడి చేసి గాల్లో కలిపేస్తున్నాం. ఇంజనీరింగ్ చదివిన ఎవరికైనా కడుపు తరుక్కుపోయే విషయం ఇది.

ఎలక్ట్రిక్ బస్సు గొప్పతనం ఇక్కడే. దిగేటప్పుడు మోటారే జనరేటరుగా మారి బ్యాటరీలోకి కరెంటు తిరిగి పంపుతుంది. రాపిడికి కొంత పోయినా, 23 యూనిట్లలో పదో పదకొండో వెనక్కి వస్తాయి. బ్రేకుల అరుగుదలా తగ్గుతుంది. చదునైన రోడ్డు మీద ఈ లాభం ఇంతలా ఉండదు. దేశంలో ఎలక్ట్రిక్ బస్సు నడపడానికి ఇంతకంటే తగిన దారి వెతికినా తొందరగా దొరకదేమో!

ప్రభుత్వం కూడా ఈ పని మొదలుపెట్టింది. తిరుపతికి కేటాయించిన 100 ఎలక్ట్రిక్ బస్సుల్లో 50 తిరుమల ఘాట్‌కే అనుకున్నారు. 2022 సెప్టెంబర్ 27న బ్రహ్మోత్సవాలప్పుడు అలిపిరిలో జెండా ఊపారు. 2023లో కొండ మీద ఉచితంగా తిరగడానికి టీటీడీకి ఇంకో పది బస్సులు విరాళంగా వచ్చాయి. ఆ సెప్టెంబర్‌లోనే వాటిలో ఒకదాన్ని ఒకడు దొంగిలించి కొండ దిగిపోయాడు. నాయుడుపేట దగ్గర దొరికింది. ఎలక్ట్రిక్ బస్సుల మీద జనానికి ఆసక్తి లేదని ఎవరూ అనలేరు :)

సరే, బస్సులన్నీ ఎలక్ట్రిక్ చేసేస్తే సమస్య తీరినట్టేనా? పొగ కొంత తగ్గుతుంది. జామ్ మాత్రం ఒక్క నిమిషం కూడా తగ్గదు. ఎందుకంటే కార్లు అలాగే ఉంటాయి.

రోడ్డు వెడల్పు చేద్దామంటారా? అది ఊళ్లో కుదురుతుంది. కపిలతీర్థం దాకా సుమారు 7 కిలోమీటర్ల ఫ్లైఓవర్ 2023లో పూర్తయింది. దానికి గరుడ వారధి, శ్రీనివాస సేతు, మళ్లీ గరుడ వారధి అని పేర్లు మారాయి గానీ, ఊళ్లో ట్రాఫిక్‌కి కాస్త ఊపిరి వచ్చిన మాట నిజం. కానీ ఫ్లైఓవర్ చేసేదేంటి? బళ్లని ఇంకా తొందరగా తెచ్చి అలిపిరి ముందు కుమ్మరిస్తుంది. మన భాషలో చెప్పాలంటే ఫ్రంట్ ఎండ్ స్పీడు పెంచాం, డేటాబేస్ మాత్రం అదే. కొండ మీద మొదటి రోడ్డు 1944లో, రెండోది 1974లో వచ్చాయి. అది శేషాచలం అడవి, 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వు. 2021 డిసెంబర్ 1న రెండో ఘాట్‌లో బండరాళ్లు దొర్లిపడి, కొన్నాళ్లు ఎక్కే బళ్లని మళ్లించాల్సి వచ్చింది. ఆ కొండని ఇంకా తొలుద్దామని ఎవరికీ అనిపించకూడదు.

మిగిలింది ఒకటే దారి. బయటూరి కార్లు కిందే ఆగాలి, జనం బస్సులో ఎక్కాలి.

"అమ్మో, అన్ని బస్సులా?" అంటారు. లెక్క వేద్దాం. రోజుకి 70 వేల మంది అనుకుందాం. నడిచి వెళ్లేవాళ్లని కూడా తీసెయ్యకుండా అందర్నీ బస్సెక్కిద్దాం. బస్సుకి 40 మంది చొప్పున 1,750 ట్రిప్పులు. ఎక్కి, దిగి, జనాన్ని నింపుకుని, ఛార్జింగుతో సహా రౌండుకి రెండు గంటలు. రోజుకి 18 గంటలు తిరిగితే ఒక్కో బస్సుకి 9 రౌండ్లు. అంటే 195 బస్సులు. పండగ రద్దీకి రెట్టింపు చేసినా 400 లోపే. బెంగళూరులో మనం రోజూ చూసే సిటీ బస్సులు 6 వేలకి పైనే! రోడ్డు మీద చూస్తే 37 సెకన్లకో బస్సు కదుల్తుంది. అదే జనం కార్లలో వెళ్తే ప్రతి 3.7 సెకన్లకీ ఒక కారు టోల్‌గేట్ దాటాలి. ఏది సాధ్యమో చూడండి.

ఇంకో సౌకర్యం కూడా ఉంది. ఏ సిటీకీ లేని డేటా తిరుమలకి ఉంది. ఎవరు ఏ రోజు, ఏ గంటకి వస్తారో ముందే తెలుసు. 300 రూపాయల టికెట్ కోసం నెలల ముందే, పొద్దున పదింటికి మనమంతా పేజీ రిఫ్రెష్ కొడుతూ కూర్చుంటాం కదా, ఆ టికెట్లోనే టైమ్ స్లాట్ ఉంది. ఉచిత దర్శనం టోకెన్లలోనూ ఉంది. టోల్‌గేట్లో 2025 ఆగస్టు 15 నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి చేశారు. ఎక్కడానికి 28 నిమిషాలకి తగ్గకూడదు, దిగడానికి 40 నిమిషాలకి తగ్గకూడదు అనే రూలు ఎప్పట్నించో ఉంది. ఇంత డేటా పెట్టుకుని, దర్శనం టికెట్‌తో పాటే బస్సు సీటు ఇవ్వడం ఎంత పని? లగేజీ ఉన్నవాళ్లకీ, చంటిపిల్లల తల్లులకీ, నడవలేని పెద్దవాళ్లకీ వేరే ఏర్పాటు ఉండాలి, అది వేరే చెప్పక్కర్లేదు.

ఇది ఎక్కడా జరగని పనేం కాదు. అమెరికాలో ఉన్నవాళ్లు జయాన్ నేషనల్ పార్క్ చూసే ఉంటారు. 2000 నుంచి సీజన్లో ఆ లోయలోకి సొంత కార్లు వెళ్లవు, షటిల్ బస్సులే. అంత దూరమెందుకు, మాల వేసుకున్నవాళ్లని అడగండి. 2018 వరదల తర్వాత శబరిమలకి నిలక్కల్‌లో బళ్లు ఆపి, పంబకి కేఎస్ఆర్టీసీ బస్సుల్లో పంపారు. ఎవరి భక్తీ తగ్గలేదు.

ఇంతవరకూ ఉత్సాహంగా మా నాయనకి చెప్పుకొచ్చాను. ఆయన అంతా విని అడిగింది ఒకటే ప్రశ్న.

"అదంతా సరేరా అబ్బోడా. ఆ బండి తోలేవాడు ఎవురు? వానికి జీతమెంత?"

నా స్ప్రెడ్‌షీట్‌లో ఆ కాలమ్ లేదు.

విషయమేంటంటే, ఈ కొత్త బస్సులు ఆర్టీసీ సొంతం కావు. కంపెనీ బస్సు పెట్టి, డ్రైవర్ని పెట్టుకుని నడుపుతుంది, ఆర్టీసీ కిలోమీటరుకింత అని కడుతుంది. బస్సు ఖరీదు ఎక్కువ కాబట్టి దేశమంతా ఇదే పద్ధతి. 2020 జనవరి 1న ఆర్టీసీ ఉద్యోగులంతా ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. కానీ కొత్త బస్సు డ్రైవరు ఆ లెక్కలోకి రాడు. "మాకు రెస్టు ఉండె, యూనియన్ ఉండె. నిద్ర లేకపోతే బండి తీయనని చెప్పే ధైర్యం ఉండె. ఘాట్‌లో ఆ ధైర్యమే బ్రేకు" అన్నాడు మా నాయన.

నాకు ఆ బస్సులు కావాలి. కానీ అవి వచ్చేకొద్దీ మా నాయనలాంటి ఉద్యోగం కొండ మీద తగ్గిపోతుంది. ఈ రెండూ నిజమే. ఒకటి చెప్పి రెండోది దాచడం నాకిష్టం లేదు.

ట్యాక్సీ, జీపు డ్రైవర్ల సంగతీ అంతే. యాదగిరిగుట్టలో 2022లో కొండ మీదికి ఆటోలు ఆపేశారు. వాళ్ల పొట్ట కొట్టినట్టయింది, గొడవలయ్యాయి, 2024లో మళ్లీ అనుమతించారు. మనుషుల్ని లెక్కలో పెట్టని డిజైన్ ప్రొడక్షన్‌లోకి వెళ్లాక రోల్‌బ్యాక్ అవుతుందని మనకంటే బాగా ఎవరికి తెలుసు?

అందుకే నాకనిపించేది ఇది. కాంట్రాక్టు కిలోమీటర్ల మీద కాకుండా, మోసిన జనం మీదా, వాళ్లు ఎదురుచూసిన నిమిషాల మీదా ఉండాలి. డ్రైవరు జీతం, డ్యూటీ గంటలు, రెస్టు కాంట్రాక్టులోనే రాయాలి. కార్లు ఆపే ముందే స్థానిక ట్యాక్సీ డ్రైవర్లకి ఆ ఉద్యోగాల్లో మొదటి అవకాశం ఇవ్వాలి. రిటైరైన ఘాట్ డ్రైవర్లు తిరుపతిలో వీధికొకరున్నారు, శిక్షణ వాళ్ల చేత ఇప్పించాలి. దీనివల్ల బస్సు టికెట్ పది రూపాయలు పెరుగుతుందా? పెరగనీండి. వీకెండ్ కారుకి టోల్ కూడా బాగా పెంచండి, ఆ తేడా అక్కడ రాబట్టొచ్చు. బెంగళూరు నుంచి 250 కిలోమీటర్లు పెట్రోలు పోసుకుని వచ్చేవాళ్లం, ఆమాత్రం ఇవ్వలేమా?

మా మిత్రుడికి ఇదంతా చెప్తే "ముందు బస్సుల్ని బాగుచెయ్యమను, అప్పుడు కారు ఆపుతా" అన్నాడు. కారు ఆపితేనే బస్సుకి దారి దొరుకుతుంది, దారి దొరికితేనే బస్సు బాగవుతుంది. ఎవరో ఒకరు ముందు మొదలుపెట్టాలి. ఈసారి వచ్చేటప్పుడు కారు అలిపిరిలో పెట్టి బస్సెక్కమన్నాను. కిటికీ సీటు దొరికితే లోయ బ్రహ్మాండంగా కనిపిస్తుంది. స్టీరింగు ముందు కూర్చున్నవాడికి అది ఎప్పటికీ కనబడదు.