డీజిలు లేని దీవి

రక్షణశాఖ ఎకౌంట్సులో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఓచరు లేనిదే పైసా పాస్ చేసేవాణ్ణి కాదు. అలాంటిది, స్పెయిన్‌కి చెందిన ఎల్ యెర్రో దీవికి డీజిలే అక్కర్లేదని మా మీటింగులో చెప్పేశాను. "ఓచరేదండీ?" అన్నాడో కుర్రాడు.

ఇంటికెళ్ళి వెతికాను. 2014లో ప్రారంభించిన కేంద్రంలో ఐదు గాలిమరలున్నాయి. గాలి ఎక్కువైతే నీళ్ళు కొండమీది చెరువుకి తోడతారు. గాలి పడిపోతే వాటిని కిందికి వదిలి కరెంటు తీస్తారు. 2019 వేసవిలో వరసగా 24 రోజులు డీజిలు లేకుండానే గడిచింది. ఆ ఏడాది మొత్తమ్మీద లెక్కిస్తే మాత్రం సగానికి కాస్త పైన. మిగతాది డీజిలే.

అదీ చిన్న విజయం కాదు. కానీ నేను చెప్పింది తప్పు. విభూతి తీసే బాబాని నిలదీసే మనం, మనకి నచ్చిన వార్తనీ నిలదీయాలి కదా! తర్వాతి మీటింగులో ఆ కుర్రాడి ఎదుటే నా తప్పు ఒప్పుకున్నాను.