కంప్యూటర్ పంపిన తంబూరా

మంచి యాంప్లిఫయరూ, దానికి తగ్గ స్పీకర్లూ ఉన్న ఇళ్లలో కూడా చాలామంది కంప్యూటర్‌ని ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచే కలుపుతారు. పాట వస్తుంది. బాలమురళీకృష్ణ గొంతు బాలమురళీకృష్ణదే. తంబూరా మాత్రం వెనకెక్కడో మసకబారిపోతుంది. తీగ మీటాక నాదం ఎంతసేపు నిలిచిందో, ఎక్కడ సన్నబడి తర్వాతి తీగలో కలిసిందో తెలియదు. ఏ సిస్టమ్‌కైనా నేను పెట్టే పరీక్ష అదే.

కంప్యూటర్ లోపలంతా విద్యుత్ రొద. అంకెల్ని ధ్వనిగా మార్చే పని అక్కడే చేయించడమంటే, మిక్సీ తిరుగుతుండగా పక్కన కూర్చుని శ్రుతి చేసుకోవడమే. అందుకే డాక్ అనే విడి పెట్టె కావాలి. కంప్యూటర్ యూఎస్‌బీ మీద అంకెలు అందిస్తే చాలు, మిగతాది డాక్ చూసుకుంటుంది.

1982లో వచ్చిన సీడీ లెక్క సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కొక్కటీ 16 బిట్లు. నమూనా సరైనదైతే సరిపోదు, సరైన క్షణానికి పడాలి. అసింక్రనస్ యూఎస్‌బీ గొప్పతనం ఇక్కడే ఉంది: కాలాన్ని నడిపేది డాక్‌లోని గడియారం, కంప్యూటర్ అడిగినంత అందిస్తుంది, అంతే.

అయినా విండోస్ ఊరుకోదు. పాటనీ, మెయిల్ వచ్చిన టింగునీ కలిపి అన్నిటినీ ఒకే రేటుకి మారుస్తుంది. చాలా యంత్రాల్లో ఆ రేటు 48,000. ప్లేయర్ సెట్టింగుల్లో వాసపీ ఎక్స్‌క్లూజివ్ గానీ ఏషియో గానీ ఎంచుకుంటే ఈ జోక్యం తప్పుతుంది. కంప్యూటర్ వాల్యూమ్ పూర్తిగా పెంచి, తగ్గింపు యాంప్లిఫయర్ దగ్గరే చేసుకోవాలి.

ఇక గుంయ్‌మనే హోరు. ల్యాప్‌టాప్ చార్జర్ పీకగానే ఆగిపోతే, తంటా ఎర్తింగ్‌లో ఉన్నట్టే. ల్యాప్‌టాప్‌నీ యాంప్లిఫయర్‌నీ ఒకే బోర్డుకి పెట్టి చూడండి. అప్పటికీ పోకపోతే ల్యాప్‌టాప్ నుంచి డాక్‌కి యూఎస్‌బీ బదులు ఆప్టికల్ కేబుల్ వాడండి. అందులో వెళ్లేది వెలుగు కాబట్టి రెండింటికీ విద్యుత్ సంబంధమే ఉండదు. హోరు పోవాలని ప్లగ్గు మూడో పిన్ను తీసేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి, షాక్ కొడితే ప్రాణం పోతుంది.

యూఎస్‌బీ కేబుల్‌కి వేలకు వేలు పోయడం నాకు సమ్మతం కాదు. అంకెలు చెడకుండా చేరాక అంతకన్నా బాగా చేరడమంటూ లేదు. ఆ డబ్బుతో గదికి మందపాటి పరదాలు కొనండి, తేడా ఆ రోజే వినిపిస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం, ఆ అంకెలు ఎక్కడివన్నది. ద్వారం వెంకటస్వామి నాయుడి వయొలిన్ 78 ఆర్‌పీఎం రికార్డుల మీద ఉంది, ఒక్కో వైపు మూడు నిమిషాల చిల్లర. దాన్ని 192 కిలోహెర్ట్జ్ ఫైలుగా మార్చినంత మాత్రాన కొత్తగా వచ్చేదేమీ లేదు. కాపీ చేసినవాళ్లు సరైన సూది వాడారా, వేగం సరిచూశారా అన్నదే లెక్క. వేగం తప్పితే శ్రుతే మారిపోతుంది. ఇక గరగర అంతా తుడిచేసిన కాపీల్లో కమాను తీగను ఒరుసుకునే చప్పుడు కూడా కొట్టుకుపోతుంది. అందుకే గరగర ఉన్న కాపీల్నే దాచుకుంటాను.