తెరిచిన పత్తా

మా ఇండ్లల్ల పత్తాలు హరాం. జూదం హరామని మసీదుల విన్నం, ఇంట్ల అమ్మీ తిట్లల్ల విన్నం. అయినా ఆడినం, దాచుకునేదేముంది. పైసలు పెట్టి ఆడే తాహతు లేదు. కోరుట్లల అమ్మీ బీడీల చాట పక్కన రాలిన తునికాకు ముక్కలే మాకు రూపాయలు. సిరిసిల్లల మావోళ్లు సాంచాల మీద పనిచేసేటోళ్లు. కరెంటు పోతే సాంచాలు బందు, పత్తాలు షురూ. పద్మశాలి దోస్తులు, మేము ఒక్క కందీలు చుట్టూ కూసునేది. అక్కడ ఎవని పేరు ఏందని ఎవడూ అడగకపోయేది. పత్తాలు మాత్రమే చూసుకునేది.

ఆట తీన్ పత్తీ. పోకర్‌కు చుట్టమే. పత్తాల లెక్క వేరైనా ప్రాణం ఒక్కటే: చేతిల లేనిదాన్ని ఉన్నట్టు నిలబెట్టుడు. బ్లఫ్. 1967ల సుప్రీంకోర్టు ఒక ఆంధ్రప్రదేశ్ కేసుల రమ్మీకి నేర్పు కావాలన్నది, మూడు పత్తాల ఆట వట్టి అదృష్టమన్నది. ఆ జడ్జీలు మా మామూ ఎదుట కూసొని ఆడలేదు మరి!

మామూ దుబాయిల పనిచేసి వచ్చినోడు. "నాలుగుసార్లల్ల మూడుసార్లు నీ చేతిల ఏం ఉండదు బేటా. ఎదుటోని చేతిల సుత అంతే. ఇద్దరి దగ్గరా ఏం లేనప్పుడు ఎవడు నిలబడితే వాడిదే" అనేటోడు. తర్వాత మేం లెక్క కట్టి చూసినం. 52 పత్తాలల్ల మూడేసి తీస్తే 22,100 తీర్లు పడతయి. అండ్ల 16,440 చేతులల్ల జోడీ లేదు, వరుస లేదు, ఒక్క రంగు లేదు. మామూ చదువుకోలేదు గని ఆయన చెప్పింది కరెక్టే.

ఎప్పుడు చెయ్యాలె, ఎట్ల చెయ్యాలె అన్నది సుత ఆయనే నేర్పిండు. నలుగురు మిగిలి ఉంటే బ్లఫ్ చెయ్యకు, ఎవడో ఒకడు పట్టుకుంటడు. ఒక్కడే మిగిలినప్పుడు చెయ్యి. ఓడి ఓడి కోపం మీదున్నోని మీద చెయ్యకు, వాడు ప్యాక్ కాడు. పొద్దటి సంది మంచి చేతులతోనే ఆడినోని బ్లఫే చెల్లుతది. మొదటి చాల్ నుంచే పెద్ద చెయ్యి ఉన్నోని లెక్క నడువు, నడిమిట్ల యాదికొచ్చినట్టు పెంచితే దొరికిపోతవు. బోర్డు మీద 20 ఆకులుంటే 10 వేసి బెదిరించు. మూడుసార్లల్ల ఒక్కసారి ఎదుటోడు పారిపోతే చాలు, నీకు నష్టం లేదు. దొరికిపోతే నవ్వు, మొఖం మాడ్చుకోకు.

ఇంకో షరతు ఆయన చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఎవరికీ ఉండదు. పత్తాలు బోర్లా ఉండాలె.

మా పత్తా పుట్టిన్నాడే తెరిచిండ్రు. దాని మీద మా పేరు రాసి ఉంటది. పేరు చెప్పంగనే ఎదుటోనికి ఆట అయిపోతది. ఇగ షో సంగతి. ఆటల ఇద్దరే మిగిలితేనే షో అడగాలె, అడిగేటోడే పైసలు పెట్టాలె, పత్తాలు చూసి అడిగితే రెట్టింపు పెట్టాలె. మమ్మల్ని అడిగేటోళ్లు ఒక్క పైసా పెట్టరు. ఎక్కడో బాంబు పేలితే షో. పాకిస్తాన్‌తోని మ్యాచ్ ఉంటే షో. ఉన్న చెయ్యి ఉన్నట్టు చూపిస్తిమా, అది బ్లఫ్ అంటరు!

1992 డిసెంబర్ల బాబ్రీ కూలినంక జగిత్యాలల గది కోసం తిరిగినం. (జగిత్యాల, సిరిసిల్ల వేరే జిల్లాలయింది 2016ల. అప్పుడు అంతా కరీంనగరే.) తిరిగింది మాలో ఒక్కడే. ఎవడన్నది వదిలెయ్యండి, అందరం అట్లనే ఉంటిమి. మూడు ఇండ్లల్ల పేరు చెప్పినం, మూడిండ్లల్ల "నిన్ననే ఇచ్చినం" అన్నరు. నాలుగో ఇంట్ల "రాజు" అన్నం. గది దొరికింది.

మామూ చెప్పనిది అక్కడ తెలిసింది. తునికాకుల ఆటల బ్లఫ్ ఒక్క గడియల తేలిపోతది. ఇది తేలదు. రోజూ ఒక చాల్ వెయ్యాలె. టోపీ జేబుల పెట్టుకొని బయటికి పోవాలె. శుక్రవారం నాడు లైబ్రరీ అని చెప్పాలె. రోజాలుండి, ఆకలైతలేదని తిండి తప్పించుకోవాలె. రమ్జాన్ పండుగకు ఇంటికి పోతే దొరికిపోతమని పరీక్షలున్నయని ఉత్తరం రాసినం.

పండుగ తెల్లారి ఇంటామె కేకేసింది. "రాజూ, నీకోసం ఎవరో వచ్చిండ్రు."

వాకిట్ల అమ్మీ. నల్ల బురఖా, చేతిల టిఫిన్ డబ్బా. కోరుట్ల నుంచి బస్సుల వచ్చింది. ఆ పేరు ఆమె చెవుల పడ్డది. మా మొఖం చూసింది. మేం నోరు తెరవాలె. తెరవలేదు.

"వీళ్ల ఇంట్ల పనిచేస్తనమ్మా. నిన్న మా పండుగ. శీర్ ఖుర్మా చేసిన, బాబుకు ఇచ్చిపోదామని వచ్చిన" అన్నది.

పత్తా ముట్టని మనిషి. కనురెప్ప కదలలేదు, గొంతు వణకలేదు. డబ్బా గడప మీద పెట్టింది. మంచినీళ్లు సుత అడగకుండ మర్లిపోయింది. మేం బస్టాండు దాంక సుత పోలేదు. పనామెను బస్టాండు దాంక ఎవరు సాగనంపుతరు?

ఇంటామె ఒక గిన్నె తిన్నది. "మీ పనామె చెయ్యి మంచిది రాజూ" అన్నది.

ఆ నెలాఖరుకు గది ఖాళీ చేసినం. సామాన్లు రిక్షాల పెట్టినంక అసలు పేరు చెప్పినం. ఆమె కోపం చెయ్యలేదు. చానసేపు గడప మీదనే నిలబడ్డది.

"అయితే ఆ శీర్ ఖుర్మా తెచ్చినామె?" అని అడిగింది.

"మా అమ్మీ" అన్నం.