అగుసదోర తీరంలో ఒక పూట

పోర్టో నగరంలో మెట్రోరైలు ఎక్కి ఉత్తరంగా గంటసేపు ప్రయాణం చేస్తే పోవోవా ది వర్జీం అనే ఊరు వస్తుంది. పోర్చుగల్ దేశంలో పేరుపడ్డ పల్లెకారుల ఊరు అది. అక్కడినుంచి ఒడ్డువెంబడి మరికొంత దూరం పోతే అగుసదోర. కోటలకోసం, చిత్రశాలలకోసం వచ్చే యాత్రికులు ఇటు రారు. ఇక్కడ ఉన్నవల్లా ఉల్లిమళ్ళూ, ఇసుకా, అట్లాంటిక్ మహాసముద్రమూను.

పోర్టోలో చదువుకుంటున్న మా మేనల్లుడు నన్ను పట్టుబట్టి బయలుదేరదీశాడు.

"ఏముందిరా అక్కడ చూడడానికి?" అన్నాను.

"కెరటాలు, మామయ్యా."

"కెరటాలకోసం ఇంతదూరం రావాలా? మన విశాఖపట్నంలో లేవూ?"

"ఇవి విద్యుచ్ఛక్తి పుట్టించిన కెరటాలు" అన్నాడు గంభీరంగా.

ఇసుకలో కూరమళ్ళు

ముందుగా నా కన్ను పడింది మాత్రం కెరటాలమీద కాదు, మళ్ళమీద. ఈ ఊరి రైతులు ఇసుకదిబ్బలను లోతుగా తవ్వి, అడుగున ఊటనీటి చెమ్మ తగిలేదాకా పోతారు. తవ్విన ఇసుకను నాలుగువైపులా గట్లుగా పోస్తారు. గట్లమీద ద్రాక్షతీగలు పాకిస్తారు. ఆ గుంటలో ఉల్లి, బంగాళాదుంప, టమాటా పండిస్తారు. సముద్రం ఒడ్డుకు విసిరిన నాచును ఏరి, ఎండబెట్టి, ఎరువుగా వేస్తారు. చీరాల, బాపట్ల ఇసుకనేలల్లో దొరువులు తవ్వి నారుమళ్ళు తడిపే మన రైతు ఇక్కడికి వస్తే, భాష రాకపోయినా వీళ్ళతో ఇట్టే కలిసిపోతాడు.

అయితే వీళ్ళ సముద్రం నమ్మదగ్గది కాదు. 1892 ఫిబ్రవరి 27న విరుచుకుపడ్డ తుపానులో ఈ తీరంలో వందమందికి పైగా జాలరులు మునిగిపోయారు. అటువంటి నీళ్ళలో యంత్రం పెట్టి, రోజూ దానిచేత పని చేయించాలని కొందరు బయలుదేరారు.

ఎర్రపాము కథ

2008 సెప్టెంబరులో ఇక్కడి ఒడ్డుకు అయిదు కిలోమీటర్ల దూరాన మూడు ఎర్రని ఇనుపపాములను నీటిమీద కట్టారు. స్కాట్లండులో తయారైన ఆ యంత్రం పేరు పెలామిస్. అది ఒక కడలిపాము పేరే. ఆ జాతి పాములు మన బంగాళాఖాతంలోనూ తిరుగుతాయి. ఒక్కొక్క యంత్రం వందమీటర్లకు పైగా పొడవు. కెరటం కిందినుంచి పోతూంటే కణుపు కణుపూ వంగేది. ఆ వంపు లోపలి నూనెను నెట్టేది, నూనె యంత్రాన్ని తిప్పేది. ఒక్కొక్కటి 750 కిలోవాట్లు. ప్రపంచంలో మొట్టమొదటి కెరటాల విద్యుత్ కేంద్రమని పత్రికలు రాశాయి.

ఆ సంబరం రెండు నెలలే. సాంకేతికమైన చిక్కులు వచ్చి పాములను రేవుకు లాక్కుపోయారు. అదే సమయానికి ప్రపంచంలో ఆర్థికసంక్షోభం వచ్చి, డబ్బు పెట్టిన సంస్థ కూలిపోయింది. పాములు తిరిగి రాలేదు. తయారుచేసిన కంపెనీ కూడా 2014లో చేతులెత్తేసింది.

"ఎందుకింత కష్టం? నీళ్ళు ఊరికే ఊగుతున్నాయిగా!" అన్నాను.

మేనల్లుడు తడి ఇసుకమీద పుల్లతో లెక్కవేసి చూపాడు. కెరటం ఎత్తు రెండింతలయితే దానిలోని శక్తి నాలుగింతలవుతుంది. రోజూ వచ్చేది రెండు మీటర్ల కెరటం అనుకుందాం. తుపానునాడు పద్ధెనిమిది మీటర్లది వస్తే, తొమ్మిదింతల ఎత్తు, ఎనభైఒక్కింతల శక్తి! ఆ ఒక్కనాటికోసం బండలా కడితే ఖర్చు పెరిగి, చిన్నకెరటానికి చలించదు. రోజువారీకోసం తేలికగా కడితే ఆ ఒక్కనాడు ముక్కలవుతుంది. రెండు మీటర్ల కూలి తీసుకుంటూ పద్ధెనిమిది మీటర్ల దెబ్బ కాయాలి. ఇదీ చిక్కు.

గుండె నేర్పిన పాఠం

2023లో అదే నీళ్ళలో మరో యంత్రం దిగింది. ఈసారి పాము కాదు, బోయా. వలకు కట్టే బెండు తేలినట్టే తేలుతుంది గాని, తొమ్మిది మీటర్ల వ్యాసం, డెబ్బై టన్నుల బరువు, 300 కిలోవాట్ల శక్తి. కట్టింది స్వీడన్ దేశపు కార్పవర్ సంస్థ. దీని మూలభావన స్టిగ్ లుండ్‌బెక్ అనే హృద్రోగవైద్యుడిది. గుండె కొట్టుకునే తీరు చూసి ఆయనకు ఈ ఊహ తట్టిందట. కెరటం బోయాను పైకెత్తుతుంది. లోపల బిగించిన గాలి దానిని కిందికి లాగుతుంది. ఎక్కినా దిగినా విద్యుచ్ఛక్తే. చిన్నకెరటం వస్తే దానితో లయ కలిపి ఇంకా ఎక్కువగా ఊగుతుంది. పెద్దకెరటం వస్తే లయ తప్పించుకుని, దాదాపు కదలకుండా దారి ఇస్తుంది.

ఆ నవంబరులోనే పరీక్ష వచ్చింది. 18.5 మీటర్ల ఎత్తున కెరటాలు లేచాయి. బోయా నిలిచింది.

దీనితో గెలుపు వచ్చిందనుకోరాదు. ఈ తీరంలోనే వియానా దో కాస్తెలో ఎదుట నీటిపై తేలే గాలిమరలున్నాయి. వాటిలో ఒక్కొక్కటి 8,400 కిలోవాట్లది. మన బోయా అందులో ఇరవైఎనిమిదో వంతు.

"ఇక ముందు ఆకారమే మార్చే బోయాలు వస్తాయి మామయ్యా. గట్టి రేకు బదులు సాగే తొడుగు, లోపల గాలి అరలు. కెరటం వత్తిడికి ఒకచోట నొక్కుకుని మరోచోట ఉబ్బుతుంది. అమెరికాలో అయోవా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు కడుతున్నారు" అన్నాడు.

అయోవాకు సముద్రమే లేదు! నవ్వు వచ్చింది గాని, వెంటనే మరొకటి గుర్తుకువచ్చి ఆగిపోయాను. మన తూర్పుతీరపు మసూలా పడవ! పలకలను మేకులతో కొట్టేవారు కాదు, కొబ్బరితాడుతో కుట్టేవారు. మేకుల పడవ ఒడ్డున విరిగే కెరటానికి పగిలిపోయేది. కుట్టు పడవ ఒళ్ళు వంచి, సాగి, ఒడ్డు చేరేది. ఆ సంగతి వాడికి చెప్పాను.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆ పడవ ఇప్పుడు చూడాలంటే ఎక్కడ దొరుకుతుంది మామయ్యా?" అని అడిగాడు.

ఇప్పుడు మన రేవుల్లో ఎక్కడ చూసినా ఫైబరు పడవలే. కుట్టేవాళ్ళు ఏ ఊళ్ళో మిగిలారో నాకు తెలియదు. తెలుసుకుని రాస్తానని మాట ఇచ్చాను. అట్లాంటిక్ మీద పొద్దు వాలుతూంది. నాలుగు కిలోమీటర్ల అవతల బోయా తేలిన చోటికేసి చూశాను. నీళ్ళు తప్ప కంటికేమీ ఆనలేదు.