ద్విచక్ర విహారం - భారవిచారం

కాలినడకకూ మోటారు వాహనానికీ నడుమ మానవుడు కల్పించుకొన్న అపురూపమైన సాధనం సైకిలు. అది ఇంధనం కోరదు, పొగ చిమ్మదు, చెవులు చిల్లులు పడే శబ్దం చేయదు. తొక్కేవాని కండబలమే దానికి చోదకశక్తి. నడకకు అందని దూరాన్ని అది అందిస్తుంది. వేగయానంలో కంటికి చిక్కకుండా జారిపోయే చెట్టునూ చేనునూ, చెరువునూ పిట్టనూ తనివితీరా చూడనిస్తుంది. ఒకనాడు నిత్యావసరానికే పరిమితమైన ఈ వాహనం నేడు ఎందరికో ఉల్లాససాధనం కూడా అయింది. విశాఖపట్నం నుంచి భీమునిపట్నం వరకు సముద్రతీరం వెంట సాగే దారిలోనూ, హైదరాబాదు బాహ్యవలయ రహదారి పక్కన సౌరఫలకాల నీడలో 2023లో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సైకిలు బాటలోనూ విహారానికి వచ్చేవారే ఇందుకు నిదర్శనం.

అటువంటి దారులలో రెండు విధాల సైకిళ్లు తారసపడతాయి. ఒకటి తరతరాలుగా పరిచయమైన నల్లని ఉక్కు సైకిలు. మడ్‌గార్డులు, చైను కవరు, వెనుక క్యారేజీ, దృఢమైన స్టాండు - అన్నీ కలిసి అది దాదాపు 20 కిలోలు తూగుతుంది. రెండవది అల్యూమినియంతోనో కార్బన్ పోగులతోనో రూపొందిన గేర్ల సైకిలు. దాని తూకం 10 కిలోలు. కొన్ని అంతకంటె తేలిక. బరువు తగ్గేకొద్దీ వెల పెరగడం ఈ వ్యాపారంలోని విచిత్రం. ఇతర వస్తువులు ఎక్కువ తూగితే ఎక్కువ ధర పలుకుతాయి. సైకిలు తక్కువ తూగితే ఎక్కువ ధర పలుకుతుంది.

తండ్రి వాడిన పాత సైకిలు చేతికందిన యువకుడు పక్కనుంచి దూసుకుపోయే తేలిక సైకిలును చూసి చిన్నబోవడం సహజం. “అటువంటిది కొన్ననాడు విహారానికి పోవచ్చులే” అని అతడు ఆ ముచ్చటను వాయిదా వేస్తాడు. కొందరి జీవితంలో ఆ కొనే రోజు రాకనే పోవచ్చు. కనుక సైకిలు బరువును గురించిన విచారణ కేవలం కిలోల లెక్క కాదు. ఉల్లాసం కలవారి సొత్తా, అందరి హక్కా అన్న ప్రశ్న దానిలో ఇమిడి ఉంది.

సైకిలు చరిత్రను పరికిస్తే ఒక సత్యం బోధపడుతుంది. 1817లో జర్మనీకి చెందిన కార్ల్ ఫాన్ డ్రైస్ మన్‌హైమ్ నగరంలో తన ద్విచక్రయంత్రాన్ని నడిపి చూపాడు. అది కొయ్యతో చేసినది. 20 కిలోలకు పైబడినది. దానికి పెడళ్లు లేవు. కాళ్లతో నేలను నెట్టుకుంటూ సాగాలి. అయినా జనం దానిని వింతగా చూశారు; ఉత్సాహవంతులు వేడుకగా నడిపారు. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ రెండు చక్రాలనూ ఇంచుమించు సమానం చేసి, వెనుక చక్రానికి చైను తగిలించి, నేటి సైకిలుకు రూపురేఖలు దిద్దాడు. 1888లో జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడు చక్రాల బండి కుదుపులు తగ్గించబోయి, గాలి నింపిన టైరుకు ఆచరణయోగ్యమైన రూపమిచ్చాడు. స్టార్లీ కూర్పు పడిపోతామన్న భయాన్ని తగ్గించింది. డన్‌లప్ టైరు ఒళ్లునొప్పులను తగ్గించింది. సైకిలును సామాన్యునికి చేరువ చేసిన ఈ రెండు మలుపులలోనూ ప్రధానమైనది తేలికదనం కాదు, భద్రతా సౌఖ్యమూ.

శాస్త్రదృష్టితో చూసినా ఈ అంశం తేటపడుతుంది. సైకిలు మీద సాగేవానికి ప్రధానంగా మూడు ప్రతిబంధకాలు ఎదురవుతాయి. మొదటిది గాలి, రెండవది నేలమీద దొర్లే టైరు ఎదుర్కొనే నిరోధం, మూడవది మెరక ఎక్కేటప్పుడు వెనుకకు లాగే భూమ్యాకర్షణ. వీటిలో గాలికి బరువుతో నిమిత్తం లేదు. వేగం రెట్టింపయితే గాలి నిరోధం నాలుగింతలవుతుంది. బక్కపలచని సైకిలు అయినా, బండ సైకిలు అయినా ఎదురుగాలికి ఒక్కటే. ఇక మిగిలిన రెండింటి సంగతి. 60 కిలోల విద్యార్థి 20 కిలోల సైకిలు ఎక్కితే మొత్తం బరువు 80 కిలోలు. 10 కిలోల సైకిలు ఎక్కితే 70 కిలోలు. సైకిలు బరువు సగానికి సగం తగ్గినా కదలవలసిన మొత్తం బరువు తగ్గినది ఎనిమిదో వంతు మాత్రమే. చదునైన దారిలో గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోయేటప్పుడు ఇందువలన కలిసివచ్చే శ్రమ సుమారు ఇరవయ్యో వంతు. గోదావరి డెల్టాలో కాలువగట్ల వెంట విహరించేవాడు ఆ తేడాను గుర్తించడం కూడా కష్టమే.

మెరక దారిలో పరిస్థితి వేరు. విశాఖ నుంచి అరకులోయకు పోయే ఘాట్‌రోడ్డు వంటి చోట, మోయవలసిన ప్రతి కిలోనూ కొండపైకి ఎత్తవలసిందే. అక్కడ తేలిక సైకిలు శ్రమను దాదాపు ఎనిమిదో వంతు తగ్గిస్తుంది. గంటల తరబడి ఎక్కేవానికి అది ఉపేక్షింపదగినది కాదు. అయితే అక్కడ కూడా బరువును మించి ఆదుకొనేది గేరు. సాధారణ సైకిలులో పెడలు ఒక్క చుట్టు తిరిగితే వెనుక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. చిన్న గేరులో అది ఒకటి, ఒకటిన్నర చుట్లకు తగ్గుతుంది. ఎక్కవలసిన ఎత్తు తగ్గదు. కాని ప్రతి తొక్కుడుకూ కాలు వేయవలసిన బలం సగానికి దిగివస్తుంది. బస్తాను ఒక్కసారిగా అటకమీదికి ఎత్తడానికీ, మెట్టు మెట్టుగా పైకి చేర్చడానికీ ఉన్న భేదమే ఇది.

ఈ రహస్యాన్ని చాటినవారిలో అగ్రగణ్యుడు ఫ్రాన్సు దేశస్థుడు పాల్ ద వివీ. 1853లో జన్మించి 1930లో మరణించిన ఆయన ‘వెలోసియో’ అనే కలంపేరుతో ప్రసిద్ధుడు. కొండల నడుమ ఉన్న సెంట్ ఎటియెన్ పట్టణంలో నివసిస్తూ, సైకిలు యాత్రికుల కోసం పత్రిక నడిపాడు. గేర్ల వాడకాన్ని ఊరూరా ప్రచారం చేశాడు. 1903లో ఆరంభమైన ‘టూర్ ద ఫ్రాన్స్’ పందెంలో మాత్రం 1937 వరకు గొలుసు మార్చే గేర్లకు ప్రవేశం లభించలేదు. పందెం నిర్వాహకులు శ్రమను పరాక్రమానికి గీటురాయిగా భావించారు. వెలోసియో ఆనందాన్ని యాత్రకు పరమార్థంగా భావించాడు. కేవలం దురభిమానం కోసం తొక్కరాదన్నది ఆయన హితవులలో ఒకటి.

పందానికీ విహారానికీ ఉన్న ఈ అంతరాన్ని విస్మరించడం వల్లనే బరువును గురించిన భ్రమ ప్రబలుతున్నది. పందెంలో క్షణమాత్రపు తేడా జయాపజయాలను నిర్ణయిస్తుంది. అందుకే క్రీడాకారులు గ్రాములను సైతం లెక్కిస్తారు. ఆ వెర్రి హద్దు మీరకుండా అంతర్జాతీయ సైక్లింగు సమాఖ్య 2000లో కనీసపు బరువును 6.8 కిలోలుగా నిర్ణయించింది. అంతకంటె తేలికైన సైకిలు పోటీకి పనికిరాదు. విహారి ఎవరినీ జయించవలసిన పని లేదు. సూర్యోదయం చూడబోయే వానికి రెండు నిమిషాల ఆలస్యం నష్టం కాదు.

లోకానుభవం కూడా దీనినే బలపరుస్తున్నది. జనాభాను మించి సైకిళ్లున్న దేశం నెదర్లాండ్స్. అక్కడ వీధులలో తిరిగే సంప్రదాయ సైకిళ్లు అనేకం 20 కిలోలకు దగ్గరగా తూగేవే. నిటారుగా కూర్చోవడానికి వీలైన హ్యాండిలు, చైనును కప్పే తొడుగు, దీపం, తాళం - ఇవన్నీ వాటికి అమరి ఉంటాయి. బల్లపరుపు నేలా, ప్రత్యేకమైన బాటలూ ఉన్న ఆ దేశంలో పిల్లలూ వృద్ధులూ వాటిమీదనే హాయిగా తిరుగుతారు. ఎదురుగాలి బెడద తప్ప, బరువు వారికి అడ్డంకి కాలేదు.

అంత దూరం పోనక్కరలేదు. 1990వ దశకం తొలినాళ్లలో పొరుగున ఉన్న తమిళనాడులో, పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంతోపాటు గ్రామీణ స్త్రీలు వేల సంఖ్యలో సైకిలు నేర్చారు. పాత్రికేయుడు పి. సాయినాథ్ వారి కథను లోకానికి తెలిపారు. ఆడవారి సైకిళ్లు చాలకపోతే వారు పైకడ్డీ ఉన్న మగవారి సైకిళ్లనే ఎక్కారు. ఆ కడ్డీమీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని కొందరు వాటినే మెచ్చుకున్నారు. బస్సు కోసం, మగతోడు కోసం ఎదురుచూడకుండా తమంత తాము పోగలగడమే వారికి దక్కిన పరమానందం. ఆ స్వేచ్ఛను ఏ తక్కెడ తూచగలదు?

అయినంత మాత్రాన బరువు ఎవరికీ బాధకం కాదనడం సరికాదు. లిఫ్టు లేని భవనంలో మూడో అంతస్తుకు రోజూ సైకిలును మోసుకుపోవలసిన వానికి ప్రతి కిలో భారమే. బక్కపలచని బాలికకూ, కీళ్లనొప్పులున్న వృద్ధునికీ బరువైన బండిని తిప్పడం, నిలపడం, స్టాండు వేయడం ప్రయాస. కొండప్రాంతంలో నివసించేవారికి, దూరయాత్రలు చేసేవారికి తేలిక సైకిలు నిజంగానే మేలు. కొనే స్తోమత ఉండి కొనడంలో తప్పులేదు. అవసరం ఎరిగి కొనడం వివేకం; ఎదుటివానిని చూసి కొనడం అవివేకం.

చాలామంది బరువు మీద మోపే నేరం నిజానికి నిర్లక్ష్యానిది. గాలి తగ్గిన టైరు, తుప్పుపట్టిన చైను, రిమ్ముకు రాసుకొనే బ్రేకు రబ్బరు - ఇవి దారి పొడవునా వెనుకకు లాగే అదృశ్యహస్తాలు. చదునైన దారిలో 10 కిలోల అదనపు బరువు కంటె గాలి చాలని టైరే ఎక్కువగా అలసట కలిగించవచ్చు. సీటు మరీ కిందికి ఉంటే మోకాళ్లు నొప్పిపెడతాయి. పెడలు అట్టడుగుకు చేరినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి, కాలు ఇంచుమించు నిటారుగా చాగేటట్లు సీటును అమర్చుకోవాలి. టైరులో చాలినంత గాలి, చైనుకు నాలుగు చుక్కల నూనె, బేరింగులకు కాస్త గ్రీజు - ఇంతమాత్రపు శ్రద్ధతో పాత సైకిలుకు కొత్త ప్రాణం వస్తుంది. దీనికయ్యే ఖర్చు ఏపాటిది?

అలంకారం కావ్యశోభను ఇనుమడింపజేస్తుందే కాని, రసం లేని కావ్యానికి ప్రాణం పోయలేదని పెద్దల అభిప్రాయం. సైకిలు విహారంలో తేలికదనమూ అటువంటి అలంకారమే. ఉంటే శోభ, లేకుంటే లోపం కాదు. ఆరోగ్యవంతమైన శరీరం, కుదురుగా అమరిన సీటు, వాహనాల ఒత్తిడి లేని దారి, చూడాలన్న కుతూహలం - రసం వీటినుంచి పుడుతుంది. ఉన్న సైకిలును తుడిచి, గాలి కొట్టి, వేకువజామున వీధిలోకి తీసిన యువకునికి ఆ దారి ఎంత తూగే సైకిలని అడగదు. బరువైన సైకిలు మీద కొంచెం నెమ్మదిగా సాగేవానికి, దారి పక్కన విచ్చుకొన్న తామరలను చూసే వ్యవధి కొంచెం ఎక్కువగానే దొరుకుతుంది.