అంగూర్ తోటల కత్తెర

మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే తొవ్వకు రెండు దిక్కులా అప్పట్లో అంగూర్ తోటలుండేవి. రాతి కడీలు పాతి, వాటి మీద ఇనుప తీగ లాగి, తలెత్తితే ఆకాశం కనబడనంత దట్టంగా పందిళ్ళు అల్లించేవారు. ఎక్కువగా అనాబ్-ఎ-షాహి. 19వ శతాబ్దం చివర అబ్దుల్ బాకర్ ఖాన్ హైదరాబాద్‌లో నాటిస్తే మెల్లగా ఈ చుట్టుపక్కలంతా పాకిన రకం అది. తర్వాత గింజ లేని థామ్సన్ వచ్చింది. మా ఊళ్ళో భూమి లేని ఇళ్ళన్నీ, మా ఇల్లుతో సహా, ఆ పందిళ్ళ నీడనే బతికాయి.

1990ల మొదట్లో బడి లేని రోజున అమ్మ వెంట తోటకు పోయేదాన్ని. ఏడాదికి రెండు కత్తిరింపులు. ఎండాకాలంలో ఒకటి, దసరా రోజుల్లో ఇంకొకటి. కాయ నిలిచేది ఈ రెండోదాని మీదే. కొమ్మ కోసే పని మగవాళ్ళది. గుత్తుల పని ఆడవాళ్ళది. పిందె శనగగింజంత అయ్యేలోపు చిన్న కత్తెరతో గుత్తిని పలచన చెయ్యాలి. ఏ పిందె తియ్యాలో, ఏది ఉంచాలో చూపుతోనే తేల్చుకోవాలి. ఎక్కువ తీస్తే తూకం పోతుంది. తక్కువ తీస్తే కాయలు ఒకదాన్నొకటి ఒత్తుకుని పగులుతాయి, ఒక్కటి పగిలినా గుత్తంతా కుళ్ళుతుంది. థామ్సన్ గుత్తులనైతే కాయ ఊరడానికి జీఏ (జిబ్బరెల్లిక్ ఆమ్లం) మందు కలిపిన నీళ్ళలో ఒక్కొక్కటే ముంచి తీసేవారు. పొద్దంతా తలా చేతులూ పైకే. రాత్రి అమ్మ మెడకు నూనె రాయడం నా వంతు.

మా చిన్నమ్మ చేతి పని వేరు. ఆమె కత్తెర పడ్డ సాలు కాయకు మార్కెట్లో ముందు ధర పలుకుతుందని మేస్త్రీయే చెప్పేవాడు. కొత్తగా వచ్చిన ఆడపిల్లల్ని ఆమె పక్కనే నిలబెట్టేవాడు, చూసి నేర్చుకొమ్మని. ఇంత చేసినా శనివారం కూలి పంచేటప్పుడు గడ్డి పీకిన చేతికెంతో ఆమె చేతికీ అంతే. ఆ పనికి ఒక పేరు గానీ, మెట్టు గానీ, రాసి పెట్టుకునే కాగితం గానీ లేదు. ఇన్నేళ్ళలో మా ప్రాంతం గురించి నా మనసులో తిరుగుతున్నది ఈ ఒక్క సంగతే.

తోటలు పోవడానికి ఎన్నో ఏళ్ళు పట్టలేదు. బోర్లు లోతుకు దిగిన కొద్దీ కరెంటు మోటారు ఖర్చు పెరిగింది, నీళ్ళు తగ్గాయి. నగరం ఇటు నడిచి వచ్చింది. ఎకరాల లెక్క గజాల్లోకి మారింది. పందిళ్ళు విప్పిన కడీలను అవే తోటల్లో వేసిన ప్లాట్ల హద్దులకు పాతారు.

అదే కాలంలో మందుల కంపెనీలు వచ్చాయి. వరప్రసాద్ రెడ్డి 1993లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ మేడ్చల్ పక్కన అత్వెల్లిలో ఫ్యాక్టరీ పెట్టింది. 1997 ఆగస్టులో హెపటైటిస్-బి టీకా విడుదల చేసింది. రీకాంబినెంట్ పద్ధతిలో మన దేశంలోనే తయారైన మొదటి టీకా అది. శామీర్‌పేట అవతల తుర్కపల్లి దిక్కు భారత్ బయోటెక్ వచ్చింది. 1999లో ఈ కంపెనీల ప్రాంతానికి జీనోమ్ వ్యాలీ అన్న పేరు వినబడింది, ఐసీఐసీఐ నాలెడ్జ్ పార్కు మొదలైంది. అంతకు ఏడాది ముందే నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, 2008లో బిట్స్ పిలానీ క్యాంపస్. ప్రపంచానికి టీకాలు పంపే చోటు మా ఊరి పక్కనే ఉందన్న గర్వం నాకు నిండుగా ఉంది. ఆ గేటు లోపలికి మా వాళ్ళు ఎట్లా పోయారన్నది మాత్రం వేరే కథ.

తోట పోయిన రెండో ఏడు చిన్నమ్మ కాంట్రాక్టరు కింద ఒక కంపెనీలో ఊడ్చే పనికి చేరింది. అక్కడ సీసాలు తనిఖీ చేసే టేబుళ్ళు చూసింది. నల్ల పలక ముందొకసారి, తెల్ల పలక ముందొకసారి, దీపం వెలుగులో సీసా తిప్పి నలక ఉందేమో చూడాలి. ఆ రాత్రి మా ఇంటికొచ్చి అమ్మతో అన్నది నాకింకా యాదికుంది: "అక్కా, సీసల నలక చూసుడేనట. పిందెల పురుగు పట్టిన కండ్లకు గదేం పెద్ద పని?" సూపర్‌వైజర్‌ను అడిగింది. పదో తరగతి మెమో తెమ్మన్నాడు. చిన్నమ్మ నాలుగుతోనే బడి మానేసింది.

ఆ నిబంధన తప్పని నేననను. టీకా పసిపిల్లల ఒంట్లోకి పోయేది. ప్రతి బ్యాచ్ రికార్డు చదవాలి, అర్థం చేసుకుని సంతకం పెట్టాలి. కానీ నాలుగో తరగతికీ ఆ టేబుల్‌కూ నడుమ ఒక మెట్టు కట్టాలని ఎవరికీ తోచలేదు. షిఫ్టు అయినంక రెండు గంటల చదువు, ఆరు నెలలకొక పరీక్ష పెట్టి ఉంటే ఆమె దాటేది.

మెట్లు కట్టినవాళ్ళు లేకపోలేదు. డాక్టర్ రెడ్డీస్ ఫౌండేషన్ 1999లో లాబ్స్ పేరుతో చదువు ఆగిపోయిన యువతకు శిక్షణ మొదలుపెట్టింది. 2005లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఉపాధి మిషన్ పెట్టి, పల్లె పిల్లలకు ఇంగ్లీషు, కంప్యూటరు, కొలువు మర్యాదలు నేర్పించింది. ఇలాంటి శిక్షణలతో మాల్‌లలో, ఆసుపత్రుల్లో నెల జీతం చూసినవాళ్ళు మా దిక్కున ఉన్నారు. వాటిని తక్కువ చెయ్యను. అయితే అవన్నీ పడుచుదనానికి కొత్త పని నేర్పేవి. నలభై ఏళ్ళ చేతిలో ఉన్న పనిని పరీక్షించి ఒప్పుకునే పద్ధతి, ఆర్‌పీఎల్ అనేది, 2015లో కౌశల్ వికాస్ యోజనతో గానీ పెద్దగా వినబడలేదు. అప్పటికి అంగూర్ కత్తెర పట్టిన చాలామంది మోకాళ్ళ నొప్పులతో ఇంటి పట్టున ఉన్నారు.

నేను మేడ్చల్ స్టేషన్‌లో మీటర్ గేజ్ బండెక్కి సికింద్రాబాద్‌లో డిగ్రీ చదివాను. అమ్మ కూలి, నాన్న హమాలీ పని, హాస్టలు స్కాలర్‌షిప్ కలిస్తే అయిన చదువది. 2020 నవంబరులో కొవిడ్ టీకా పని చూడడానికి ప్రధాని భారత్ బయోటెక్‌కు వచ్చిన రోజు ఊరంతా టీవీల ముందు కూర్చుంది. తుర్కపల్లి బస్సెక్కేవాళ్ళు ఇప్పుడు మా ఊళ్ళో ఇంటికొకరున్నారు. వాళ్ళలో మైక్రోబయాలజీ చదివి ల్యాబులో చేసేవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మిగిలినవాళ్ళు ప్యాకింగ్‌లో, లోడింగ్‌లో, క్యాంటీన్‌లో, కాంట్రాక్టరు రాసుకునే మస్టర్‌లో.

చిన్నమ్మ కోడలు కూడా ప్యాకింగ్‌లోనే చేస్తుంది. తొమ్మిదితో ఆగిన చదువును, ఇద్దరు పిల్లలు పుట్టినంక, ఓపెన్ స్కూల్లో పూర్తి చేసింది. పరీక్షల నెలలో పిల్లల్ని చిన్నమ్మే చూసుకుంది. మెమో చేతికొచ్చిన వారమే తనను తనిఖీ టేబుల్‌కు మార్చమని అర్జీ పెట్టింది.